చార్లెస్టన్‌లో అన్నం

చార్లెస్టన్‌లో దిగిన మూడో రోజు సాయంత్రం నాకు అన్నం దొరికింది.

అది 2011 ఆగస్టు. ఆఫీసు వాళ్ళు ప్రాజెక్టు మీద సౌత్ కరొలైనాకి పంపారు. కారు లేదు, వంట సామాను లేదు. అద్దెకు తీసుకున్న పై పోర్షన్లో ఒక పరుపు, నా రెండు సూట్‌కేసులు, అంతే. మూడు రోజులుగా బ్రెడ్డూ అరటిపళ్ళతోనే గడిచింది. కింద పోర్షన్లో ఇంటి ఓనరమ్మ ఉండేవారు. డెబ్బై దాటిన నల్లజాతి పెద్దావిడ. అద్దె కాగితాల మీద సంతకం పెట్టిన రోజు ఆవిడ నన్ను అడిగిన ఒకే ఒక్క సొంత విషయం, "నువ్వు ఏం తినవు?" అని. గొడ్డు మాంసం, పంది మాంసం తిననని చెప్పాను. తల ఊపి ఊరుకున్నారు. మూడో రోజు తలుపు కొట్టి, ఫాయిల్ కప్పిన పళ్ళెం ఒకటి చేతికిచ్చి, "వేడి మీదే తినెయ్యి బేబీ" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఫాయిల్ తీస్తే ఎర్రటి అన్నం. ఉల్లిపాయా క్యాప్సికమూ వేయించి, టమాటా గుజ్జులో బియ్యం వేసి మగ్గించి, చివర్లో రొయ్యలు కలిపిన అన్నం. మెతుకు మెతుకూ విడివిడిగా ఉంది. ఇంట్లో చెంచా కూడా లేదు. మెట్ల మీదే కూర్చుని చేత్తో కలుపుకుని తిన్నాను. నేను దివిసీమ వాణ్ణి. పుట్టినప్పటి నుంచి వరి మళ్ళూ రొయ్యలూ ఉప్పుగాలీ మధ్య పెరిగిన మనిషిని. వేల మైళ్ళు దాటి వచ్చి ఒక పరాయి మెట్ల మీద కూర్చుంటే, మా అమ్మ చేతి టమాటా అన్నానికి అక్కవరస అయ్యే అన్నం నా ముందుకొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ తిన్నానని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

దాన్ని అక్కడ రెడ్ రైస్ అంటారు. పశ్చిమ ఆఫ్రికాలో వండే జొలాఫ్ అన్నానికి దగ్గరి చుట్టం. మామూలుగా అందులో పంది మాంసం వేస్తారు. నా కోసం ఆవిడ రొయ్యలతో వండారని తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

ఆ ఊళ్ళో ఎనిమిదేళ్ళు ఉన్నాను. ఇప్పటికీ అటు వెళ్ళే తెలుగు పిల్లలు ఎవరైనా ఫోన్ చేసి "అంకుల్, చార్లెస్టన్‌లో ఎక్కడ తినాలి?" అని అడుగుతుంటారు. రెస్టారెంట్ల పేర్లు రెండు నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు. కానీ నా దగ్గర ఉన్న జవాబు అంత పొట్టిది కాదు.

చార్లెస్టన్ 1670లో ఇంగ్లీషు వాళ్ళు మొదలుపెట్టిన ఊరు. ఆష్లీ, కూపర్ అని రెండు నదులు ఊరికి చెరో పక్కనా వచ్చి సముద్రంలో కలుస్తాయి. పాత ఊరంతా ఆ రెండు నదుల మధ్య నాలుకలా సాగిన నేల. పక్కకి పొడుగాటి వరండాలున్న ఇళ్ళు, రాళ్ళు పరిచిన సందులు, గుర్రబ్బళ్ళలో తిరిగే టూరిస్టులు, ఎటు చూసినా చర్చి గోపురాలు. పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోటు వచ్చిన రోజుల్లో వాన చినుకు లేకపోయినా వీధుల్లోకి నీళ్ళొచ్చేస్తాయి. పోటు తీసిన వేళ ఊరి చుట్టూ ఉన్న గడ్డి బురదల నుంచి ఒక వాసన వస్తుంది. ప్లఫ్ మడ్ అంటారు ఆ బురదని. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం నాగాయలంక దాటి ఉప్పుటేరు గట్టు మీద సైకిల్ తొక్కుతున్నట్టే ఉండేది.

కేరొలైనా గోల్డ్ అనే బియ్యం గురించి నేను మొదటిసారి విన్నది ఒక ఆఫీసు డిన్నర్లో. క్వీన్ స్ట్రీట్‌లో హస్క్ అని ఒక రెస్టారెంటు ఉంది. 2010లో తెరిచారు. దక్షిణాది నేల మీద పండినవి తప్ప ఇంకేవీ వంటింట్లోకి రానివ్వమని పట్టుబట్టి పేరు తెచ్చుకున్న చోటు. చేపతో పాటు చిన్న గిన్నెలో తెల్లటి అన్నం పెట్టారు. వడ్డించే అబ్బాయి ఆ గిన్నెని దేవుడి పటం పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని, "ఇది కేరొలైనా గోల్డ్, ఈ ఊరిని కట్టిన బియ్యం" అన్నాడు. వడ్ల పొట్టు బంగారు రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు. లోపల గింజ తెల్లగానే ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడి నుంచి ఓడలకెత్తి యూరప్ పంపేవారు. అంతర్యుద్ధం తర్వాత సాగు పడిపోయింది, ఆ పైన వరసగా తుఫాన్లు కొట్టాయి, 20వ శతాబ్దం మొదటి సగానికే పొలాలు పాడుబడ్డాయి. మళ్ళీ 1980ల్లో సవానా ఊరి కంటి డాక్టరు రిచర్డ్ షుల్జ్ బాతుల వేట కోసం చిత్తడి మళ్ళు వేయబోయి, పాత విత్తనం కోసం వెతికి, ప్రభుత్వ విత్తన నిల్వల నుంచి కాస్త తెప్పించుకుని మొలకెత్తించాడు. అలా తిరిగొచ్చిన గింజ అది.

అన్నం చాలా బాగుంది. ఆ మాట మనసారా చెప్తాను. కానీ నా మనసులో ప్రశ్న ఇంకొకటి. ఈ ఉప్పునీళ్ళ మధ్య వరి ఎలా పండించారు? డెల్టాలో పుట్టినవాడికి ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? సముద్రం పక్కన సాగు అంటే ఏమిటో మాకు తెలుసు. నీళ్ళు ఒక్కరోజు ఎగదన్నితే మడి మొత్తం చౌడే.

జవాబు ఆష్లీ నది గట్టున మిడిల్టన్ ప్లేస్‌లో దొరికింది. అదొక పాత ప్లాంటేషను. ఇప్పుడు టిక్కెట్టు కొని చూడొచ్చు. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు నదిలోకి తోసుకొస్తుంది కదా, ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున ఉంటుంది. నది మంచినీరు దాని మీద తేలుతూ మట్టం పెరుగుతుంది. ఆ సమయంలో గట్టులో ఉన్న తలుపు ఎత్తితే పైనున్న మంచినీరు మడిలోకి పారుతుంది. ఆటు వచ్చాక తలుపు తీస్తే మడి నీళ్ళు మళ్ళీ నదిలోకి దిగిపోతాయి. ఇంజను లేదు, ఏతం లేదు. చంద్రుణ్ణి నమ్ముకున్న సాగు. ఆ తలుపుని వాళ్ళు ట్రంక్ అంటారు. మొదట్లో చెట్టు మొద్దుని తొలిచి గట్టులో పాతేవారట, అందుకని ఆ పేరు. గైడు ఆ మాట చెప్పగానే నాకు మా తాతయ్య తాటి బోదె తొలిచి గట్టు కింద వేసిన తూము కళ్ళ ముందు మెదిలింది.

ఆ గట్లన్నీ చేత్తో పోసినవారు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా మనుషులు. నడుముల్లోతు బురదలో, దోమల్లో, పాముల్లో. మట్టి మోయడానికి మాత్రమే తెచ్చిన కూలీలు కూడా కారు వాళ్ళు. సెనెగల్, గాంబియా, సియెర్రా లియోన్ వైపు తరతరాలుగా వరి పండించినవాళ్ళు. ఆనాటి పత్రికల్లో మనుషుల అమ్మకం ప్రకటనలు వేస్తూ "వరి తీరం నుంచి వచ్చినవారు" అని ప్రత్యేకంగా రాసేవారు. అంటే పని తెలిసిన చేతులని, వాళ్ళ విద్యని చూసి మరీ ఎత్తుకొచ్చారు. దంపడానికి రోలూ రోకలీ, చెరగడానికి చేటా కూడా ఆ చేతులతోనే వచ్చాయి. మంచి బియ్యం ఓడెక్కితే, దంపినవాళ్ళకు నూకలు మిగిలేవి. ఆ నూకల్ని అక్కడ మిడ్లిన్స్ అంటారు. ఇప్పుడు పెద్ద రెస్టారెంట్లలో అవి ఖరీదైన వంటకం.

ఆ రోజు ఇంటికొచ్చి కింద పోర్షన్ తలుపు కొట్టాను. ఏం చెప్పాలో తెలియలేదు. "మ్యామ్, మా ఇంట్లో కూడా వరే పండిస్తారు" అన్నాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, వాళ్ళ అమ్మమ్మ చిన్నప్పుడు పెరట్లో వరి వేసుకునేవారని, రోకలి పట్టి ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి దంపేవారని చెప్పుకొచ్చారు. వాళ్ళు గల్లా మనుషులు. ఈ తీరంలో, పక్కనున్న దీవుల్లో, ఆఫ్రికా మాటా వంటా పోగొట్టుకోకుండా నిలబెట్టుకున్నవాళ్ళు. ఆ సాయంత్రం తర్వాతే ఆ ఊళ్ళో ఎక్కడ తినాలో నాకు తెలియడం మొదలైంది. ఎందుకంటే చెప్పింది ఆవిడే.

మొదట పంపింది బెర్తాస్ కిచెన్‌కి. నార్త్ చార్లెస్టన్‌లో మీటింగ్ స్ట్రీట్ రోడ్డు మీద నీలం రంగు బిల్డింగు. ఆల్బెర్తా గ్రాంట్ అనే ఆవిడ మొదలుపెట్టారు. ఆవిడ పోయాక కూతుళ్ళు నడిపారు. మధ్యాహ్నం పన్నెండు కాకముందే వెళ్ళి లైన్లో నిలబడాలి. లైన్లో లారీ డ్రైవర్లు, నర్సులు, సూటు వేసుకున్న లాయర్లు, రేవులో పనిచేసే కార్మికులు, అందరూ ఒక్కటే వరస. గాజు వెనకాల వేడి వేడి గిన్నెలు. ఒక మాంసం, పక్కన రెండు మూడు కూరలు, అన్నం. వేయించిన చికెన్, లైమా బీన్స్, కొలార్డ్ ఆకుకూర, బెండకాయ సూపు. లైమా బీన్స్ మన చిక్కుడు గింజల్లాంటివే, వెన్నలా ఉడికించి చిక్కగా చేస్తారు. ఒక్క జాగ్రత్త చెప్తాను. మన ఇళ్ళల్లో చాలామంది పోర్క్ తినరు కదా, అక్కడి వంటల్లో కూరగాయల్లో కూడా రుచి కోసం పోర్క్ వేస్తారు. మొహమాటపడకుండా అడగండి. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఏది తినొచ్చో వాళ్ళే చూపిస్తారు. 2017లో, అమెరికాలో వంటలకి పెద్ద బహుమతులిచ్చే జేమ్స్ బియర్డ్ వాళ్ళు అమెరికా క్లాసిక్స్ అవార్డు బెర్తాస్‌కి ఇచ్చినప్పుడు మా ఇంటి వరండాలో పండగే. ఓనరమ్మ తనకే వచ్చినంత సంబరపడ్డారు.

రెండోది మార్తా లూస్ కిచెన్. మారిసన్ డ్రైవ్ మీద గులాబీ రంగు వేసిన చిన్న గది. ఒకప్పటి పెట్రోల్ బంకు. 1983లో మార్తా లూ గాడ్స్‌డెన్ అక్కడ పొయ్యి వెలిగించారు. లోపల నాలుగైదు బల్లలు. చికెన్ అడిగాకే నూనెలో వేసేవారు, కాబట్టి ఆగాల్సి వచ్చేది. ఆ ఆగడంలో పక్క బల్ల వాళ్ళతో మాటలు కలిసేవి. తొంభైకి దగ్గరపడుతున్న వయసులో కూడా ఆవిడ వంటింట్లోకి వచ్చి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. పైన కరకరా, లోపల జ్యూసు. ఇంతకంటే చెప్తే ఆకలేస్తుంది.

మూడోది ఈస్ట్ సైడ్‌లో బ్లేక్ స్ట్రీట్ మీదున్న హానిబల్స్ కిచెన్, అక్కడి పీతల అన్నం. ఉల్లిపాయ, క్యాప్సికం వేసి, పీత మాంసం విడదీసి అన్నంలో వేయించి ఇస్తారు. దివిసీమలో పీతల పులుసు తిని పెరిగినవాడికి ఆ అన్నం గురించి వేరే చెప్పక్కర్లేదు. శుక్రవారం ఆఫీసు అవగానే అటు వెళ్ళి డబ్బా కట్టించుకుని, నది గట్టున కూర్చుని తినేవాణ్ణి. 2013లో పెళ్ళయి మా ఆవిడ వచ్చాక రెండు డబ్బాలు.

టూరిస్టులు ముందు వెతికే రొయ్యలూ గ్రిట్స్ కూడా మొదట్లో చేపలు పట్టేవాళ్ళ పొద్దుటి తిండే. మొక్కజొన్న నూకని జారుగా ఉడికించి, మీద వెన్నలో వేగిన రొయ్యలు. ఊరంతా దొరుకుతుంది. కానీ మేం తిన్న గొప్ప గ్రిట్స్ ఏ హోటల్లోవీ కావు. షెమ్ క్రీక్ అని రొయ్యల పడవలు ఆగే చోటుంది. పొద్దున్నే వెళ్ళి అప్పుడే దిగిన రొయ్యలు కొనుక్కొచ్చి, ఓనరమ్మ వంటింట్లో ఆవిడ గ్రిట్స్ కలిపితే, మా ఆవిడ రొయ్యల్లో అల్లం, పచ్చిమిర్చి, కాస్త ధనియాల పొడి వేసింది. ఆ తర్వాత ఆవిడ ఇంటికి ఎవరొచ్చినా "ఇండియన్ అమ్మాయి రొయ్యలు" అని పెట్టేవారు.

ఆల్చిప్పల సంగతి కూడా చెప్పాలి. ఫాలీ బీచ్‌కి వెళ్ళే దారిలో బోవెన్స్ ఐలాండ్ అని 1946 నుంచి ఉన్న చోటు. తడి గోనెసంచి కప్పి ఆవిరి మీద ఉడికించి, పారతో తెచ్చి బల్ల మీద కుమ్మరిస్తారు. బల్ల మధ్యలో బొక్క, తిన్న చిప్పలు అందులో వేయాలి. చేతికి ఒక గుడ్డ, ఒక మొద్దు కత్తి. చలికాలంలో పొద్దుగూకే వేళ వెళ్తే గడ్డి మైదానం మీద ఎండ పడి బంగారం అవుతుంది. మా ఆవిడ తినలేదు. నేను మాత్రం ఆమె వాటా కూడా తిన్నాను.

రోడ్డు పక్కన బండ్ల మీద ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతారు. పచ్చికాయలు ఉప్పునీళ్ళలో గంటల తరబడి ఉడికినవి. 2006 నుంచి అది సౌత్ కరొలైనా రాష్ట్ర చిరుతిండి అని చట్టమే చేశారు. మొదటిసారి పొట్లం విప్పినప్పుడు బందరు బస్టాండులో ఉన్నానేమో అనుకున్నాను. జనవరి 1న ఇంటింటా హాపిన్ జాన్ వండుతారు. బొబ్బర్లు వేసిన పులగమే. పక్కన ఆకుకూర. అది తింటే ఏడాదంతా ఇంట్లో డబ్బు నిలుస్తుందని నమ్మకం. ఏటా ఆ పళ్ళెం పైకి వచ్చేది, రెండు వారాల తర్వాత మా సంక్రాంతి పొంగలి కిందకి వెళ్ళేది.

2016 ఏప్రిల్‌లో అమ్మ వచ్చింది.

అమ్మ వస్తుందంటే నాకు టెన్షన్. తను ఊరు దాటి ఉన్నది తక్కువ. బయట తిండి అంటే ఒప్పుకోదు. సంచిలో ఆవకాయ, గోంగూర, చింతపండు, ఎండు రొయ్యలు మోసుకొచ్చింది. రెండో రోజు సిటీ మార్కెట్‌కి తీసుకెళ్ళాను. పొడుగ్గా షెడ్ల వరస, అందులో రకరకాల దుకాణాలు. గుమ్మం దగ్గరే గల్లా ఆడవాళ్ళు కూర్చుని బుట్టలు అల్లుతుంటారు. స్వీట్‌గ్రాస్ అనే సన్నటి గడ్డిని చుట్టలు చుట్టి, పామెట్టో ఆకు చీలికలతో కుట్టుకుంటూ పోతారు. చెంచా కాడని అరగదీసి చేసుకున్న పనిముట్టు ఒక్కటే చేతిలో ఉంటుంది. ఒక చిన్న బుట్టకి కూడా ఎన్నో రోజుల పని. ధర కూడా అలాగే ఉంటుంది, ఉండాలి కూడా.

అమ్మ ఒక బుట్ట ముందు ఆగిపోయింది. వెడల్పుగా, పళ్ళెంలా, అంచు కాస్త లేచి ఉంది.

"ఏరా, ఇది చేట కదూ?"

అవును, అది చేటే. ఫానర్ అంటారు. వాళ్ళ బుట్టలన్నిటికీ తల్లి ఆ బుట్టే. దంచిన వడ్లు చెరగడానికి చేసినదే. నేను అది చెప్పేలోపు అమ్మ అల్లుతున్న ఆవిడ వైపు చూసి, తీసుకోవచ్చా అన్నట్టు చెయ్యి చూపించింది. ఆవిడ ఇచ్చింది. అమ్మ రెండు చేతులా పట్టుకుని, మోచేతులు నడుముకి ఆనించి, ఖాళీ చేటని రెండుసార్లు ఎగరేసి, మూడోసారి ఒక పక్కకి వంచి చివర గాలి ఊదింది. లేని ఊక ఎగిరిపోయింది. ఆవిడ అల్లిక ఒళ్ళో పెట్టేసి లేచి నిలబడి, ఇంకో బుట్ట తీసుకుని అదే పని చేసి చూపించింది. వాళ్ళ వాలు కొంచెం వేరు. అమ్మ అది గమనించి తనూ అలా చేసి చూసింది. ఇద్దరూ నవ్వుతున్నారు. ఒక్క మాట లేదు. చుట్టూ టూరిస్టులు ఆగి ఫోటోలు తీస్తున్నారు. నేను ఫోన్ జేబులోంచి తియ్యలేకపోయాను.

ఆ చేట కొందామంటే ధర విని అమ్మ వద్దంది. బేరం కూడా ఆడలేదు. "ఆవిడ కష్టానికి అంత పడుతుంది, మనకి అంత అవసరం లేదు" అంది. పక్క కొట్లో బెన్నె వేఫర్లు కొనిపెట్టాను. నువ్వులు వేసిన పల్చటి బిళ్ళలు. బెన్నె అంటే పశ్చిమ ఆఫ్రికా భాషల్లో నువ్వులు. అమ్మ కొరికి చూసి, "బెల్లం వేస్తే ఇంకా బాగుండేది" అంది.

బెర్తాస్‌కి తీసుకెళ్తే చికెన్ ముక్కని ఆవకాయ నూనెలో అద్దుకుని తెల్లన్నంతో తింది. ఆవకాయ సీసా తన హ్యాండ్‌బ్యాగులోదే. పీతల అన్నం మాత్రం దేనితోనూ కలపకుండా తిని, పీత మాంసం గుల్ల లేకుండా ఎలా తీశారో అడిగి రమ్మని నన్ను పంపింది.

ఇక ఆ శనివారం రాత్రి. ఓనరమ్మ మమ్మల్ని భోజనానికి పిలిచారు. అమ్మ కోసం బెండకాయ సూపు, పోర్క్ లేకుండా, రొయ్యలూ టమాటాలూ వేసి. బెండ విత్తనం కూడా ఆఫ్రికా నుంచి ఆ మనుషులతో పాటే ఈ తీరానికి వచ్చింది. గంబో అనే మాటకి మూలం కూడా బెండకాయ పేరే. అమ్మ అన్నంలో ఆ సూపు పోసుకుని కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "పులుసే" అంది. ఇంకో ముద్ద తిని, "చింతపండు లేదు, అంతే" అంది. పైకి వెళ్ళి చింతపండు తెచ్చి నానబెట్టి, ఓనరమ్మని అడిగి ఆవిడ గిన్నెలో కాస్త పిండింది. ఓనరమ్మ రుచి చూసి, ఏమీ అనకుండా ఆ గిన్నెనే తన వైపు జరుపుకున్నారు.

భోజనాలయ్యాక గాలివాన మాట వచ్చింది. 1989 సెప్టెంబరులో హ్యూగో తుఫాను రాత్రి ఎలా గడిచిందో ఆవిడ చెప్పారు. నేను తెలుగులో చెప్తూ వచ్చాను. తీరం వెంట పైకి వెళ్తే వచ్చే మెక్లెలన్‌విల్ అనే పల్లెలో జనం స్కూల్లో తలదాచుకుంటే, చీకట్లో నీళ్ళు గదుల్లోకి లేచాయి. పిల్లల్ని తలల మీదకి ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. ఆ స్కూల్లో ఆవిడ బంధువులు ఉన్నారట. అందరూ బతికారు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే మొదలుపెట్టింది. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. అమ్మకి అప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ ఉప్పెనలో 10,000 మందికి పైగా పోయారని నాకు తెలుసు. మా ఇంట్లో ఎవరు పోయారో కూడా తెలుసు. కానీ అమ్మ నోటి నుంచి వినడం అదే మొదటిసారి. చెల్లెలి చెయ్యి ఎలా జారిపోయిందో చెప్పింది. తెల్లారాక మడిలో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చెప్పింది. "మూడో రోజున ఎవరో గంజి పోశారు. ఎవరో కూడా తెలియదు. ఆ గంజి రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది" అంది.

నాకు ఇంగ్లీషులో చెప్పడానికి మాటలు రాలేదు. సగం చెప్పి ఆగిపోయాను. ఓనరమ్మ మిగతా సగం అడగలేదు. లేచి అమ్మ పక్కకి వచ్చి కూర్చుని, అమ్మ ఖాళీ పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం పెట్టారు. అమ్మ వద్దనలేదు. మామూలుగా అయితే రెండోసారి ఎవరు పెట్టబోయినా చెయ్యి అడ్డం పెట్టే మనిషి.

అమ్మ ఉన్న మూడు నెలల్లో సాయంత్రాలు చాలావరకు కిందే గడిపింది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో, ఏ భాషలోనో నాకిప్పటికీ అర్థం కాదు. వెళ్ళే రోజు ఓనరమ్మ ఒక పాత గుడ్డలో మూట కట్టి ఇచ్చారు. గింజ బొబ్బర్లు, ఎర్రటివి, చిన్నవి. విత్తనాలు అలా విమానంలో తీసుకెళ్ళకూడదని నేను చెప్పాల్సి వచ్చింది. ఆ మాట చెప్పినప్పుడు ఇద్దరి మొహాలూ నేను మర్చిపోలేను. చివరికి మా ఇంట్లోనే వండుకుని తిన్నాం.

2019లో మేం హైదరాబాద్ వచ్చేశాం. 2020లో మార్తా లూస్ మూతపడిందని తెలిసింది. స్థలం అమ్ముడుపోయింది. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో మార్తా లూ గాడ్స్‌డెన్ 91 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ వార్త నాకు పంపింది ఓనరమ్మే. అదే ఏడాది చలికాలంలో ఆవిడ వార్త వాళ్ళ మేనకోడలు పంపింది. వెళ్ళలేకపోయాను. కరోనా అని, వీసా అని, సెలవు అని కారణాలు చాలానే ఉన్నాయి. వెళ్ళలేదన్నది మాత్రం నిజం.

2023 చివర్లో పని మీద అట్లాంటా వెళ్ళి, రెండు రోజులు తీసుకుని చార్లెస్టన్ వెళ్ళాను. గాడ్స్‌డెన్స్ వార్ఫ్ దగ్గర, బానిసల ఓడలు ఆగిన రేవు మీద, ఆ ఏడాది జూన్‌లో ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. నేల అంతా వదిలేసి, స్తంభాల మీద బిల్డింగుని ఎత్తి కట్టారు. కింద పోటూ ఆటులా నీళ్ళు నిండి తీసే రాతి గచ్చులో మనుషుల ఆకారాలు పక్కపక్కనే పడుకోబెట్టినట్టు ఉంటాయి. ఆ ఊరికి తినడానికి వెళ్ళేవాళ్ళు ముందు ఇక్కడికి వెళ్ళమని నేను చెప్తాను. చూశాక అన్నం ముందు కూర్చోండి.

అక్కడి నుంచి మా పాత ఇంటికి వెళ్ళాను. ఇల్లు అమ్మేశారు. వరండాకి తెల్ల రంగు వేసి, కొత్త దీపాలు పెట్టారు. మెట్లు మాత్రం అవే. ఎవరూ లేరు కదా అని కాసేపు కింది మెట్టు మీద కూర్చున్నాను. వీధిలో పాతవాళ్ళు ఎవరూ కనపడలేదు. ఎక్కడి నుంచీ వంట వాసన కూడా రాలేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. విని, "ఆవిడ పొయ్యి దగ్గర నీలం గిన్నె ఒకటుండేది, అది ఎవరు తీసుకున్నారో" అంది. ఆ తర్వాత, "రొయ్యలు వచ్చాయిరా ఇవాళ, లేత బెండకాయలు కూడా ఉన్నాయి" అంది.

అమ్మ ఇప్పుడు ఆ పులుసు నెలకోసారైనా వండుతుంది. టమాటా ఎక్కువ, చింతపండు చిటికెడు, బెండకాయలు సగం కరిగేదాకా ఉడికించి, రొయ్యలు చివర్లో. అన్నం మాత్రం పొడిపొడిగా ఉండాలని పట్టు. చుట్టాలు వచ్చినప్పుడు ఇదేం పులుసు అని అడిగితే ఊరి పేరు తనకి నోరు తిరగదు.

"అది మా ఓనరమ్మ పులుసు" అంటుంది.